ఈ బస్సు ఎవరి కోసమూ ఆగదు

మీ ఫోన్‌లో 'కొత్త అప్‌డేట్ వచ్చింది' అని నోటిఫికేషన్ కనిపిస్తే ఏం చేస్తారు? మనలో చాలామంది 'తర్వాత చూద్దాం' నొక్కేసి రీల్స్‌లోకి వెళ్ళిపోతాం. తప్పేం లేదు. కానీ ఆ అప్‌డేట్ ఆ రోజే ఎందుకొచ్చింది, నిన్న ఎందుకు రాలేదు, రేపటిదాకా ఎందుకు ఆగలేదు అని ఎప్పుడైనా అనిపించిందా? ఆ తేదీ వెనక ఎవరో ఒకరు కూర్చుని 'ఇది ఈసారి వెళ్తుంది, అది వచ్చేసారి' అని తేల్చి ఉంటారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆ మనిషిని రిలీజ్ మేనేజర్ అంటారు.

పగలు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రాత్రిళ్ళు, ఆదివారాలు ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి రిలీజ్ మేనేజర్ని. జీతం లేదు, ఐడీ కార్డు లేదు. మా అమ్మ దీన్ని 'డబ్బుల్లేని ఓవర్‌టైమ్' అంటుంది. మాది ఏమంత పేరున్న ప్రాజెక్ట్ కాదు. గజిబిజిగా ఉన్న డేటా ఫైళ్ళను శుభ్రం చేసిపెట్టే ఒక టూల్. అందరూ కలిపి పది పన్నెండు మంది పనిచేస్తాం. ఒకరు జర్మనీ, ఒకరు బ్రెజిల్, ఇద్దరు కెన్యా, మిగతావాళ్ళం ఇండియా. ఒకరినొకరు నేరుగా చూసుకున్నది లేదు.

ఆఫీసులో అయితే ఎవరి పని ఎప్పటికి అవ్వాలో మేనేజర్ చెప్తాడు. అవ్వకపోతే అప్రైజల్లో కనిపిస్తుంది. ఇక్కడ ఎవరికి చెప్తాం? 'గురువారానికి కావాలి' అంటే 'నాకు పరీక్షలున్నాయి' అంటారు. లేదా అసలు జవాబే ఇవ్వరు. అది వాళ్ళ హక్కు. బాస్ లేని చోట పని ముందుకు నడవాలంటే ఏదో ఒకటి బాస్‌లా ఉండాలి. మా దగ్గర ఆ బాస్ క్యాలెండర్.

సిద్ధమయ్యాకే రిలీజ్ చేద్దాం అంటే...

'ఎప్పుడు రిలీజ్?' అని అడిగితే 'సిద్ధమయ్యాక' అని చెప్పడం వినడానికి చాలా బాగుంటుంది. క్వాలిటీ మీద ప్రేమ ఉన్నట్టు కూడా ఉంటుంది. 2023 వరకు మా ప్రాజెక్ట్ అలాగే నడిచింది. ఒక దశలో పద్నాలుగు నెలల పాటు ఒక్క రిలీజ్ కూడా లేదు. బద్ధకం వల్ల కాదు. ప్రతి నెలా ఎవరో ఒకరు 'ఇంకొక్క ఫీచర్, ఇది అయిపోతే వదిలేద్దాం' అనేవాళ్ళు. అది అయ్యేలోపు ఇంకొకరిది మొదలయ్యేది. మధ్యలో దొరికిన బగ్‌లకు రిపేర్లు చేసినా అవి యూజర్ల దాకా చేరేవి కావు. ఎందుకంటే రిలీజ్ లేదుగా.

ఇది మా ఒక్కరి కథే కాదు. డెబియన్ అని ఒక పెద్ద లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఉంది. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు దాని మీద నడుస్తాయి. వాళ్ళు వెర్షన్లకు 'టాయ్ స్టోరీ' సినిమాలోని పాత్రల పేర్లు పెడతారు. 2002 జులైలో 'ఉడీ' వచ్చింది. ఆ తర్వాతి 'సార్జ్' వచ్చేసరికి 2005 జూన్ అయింది. దాదాపు మూడేళ్ళు! ఆ అనుభవం తర్వాత డెబియన్ వాళ్ళు మధ్యేమార్గం పట్టారు. ఇప్పటికీ ఫైనల్ రిలీజ్ 'సిద్ధమయ్యాకే'. కానీ కొత్త సరుకు తీసుకోవడం ఎప్పుడు ఆపేస్తారో ఆ తేదీలు మాత్రం ముందే ప్రకటిస్తారు. దాన్నే ఫ్రీజ్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

దీనికి పూర్తిగా అవతలి పద్ధతి ఉబుంటుది. 2004 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వచ్చింది. దాని నంబర్ 4.10. అంటే 2004వ సంవత్సరం, పదో నెల. తేదీనే పేరుగా పెట్టుకున్నారన్నమాట. అప్పట్నుంచి ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. ఒక్కసారి మాత్రం, 2006లో, ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌కి జరిగింది. అందుకే ఆ వెర్షన్ 6.04 కాదు, 6.06. ఆలస్యం నంబర్ మీదే అచ్చయిపోయింది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండే లినక్స్ కెర్నల్‌ది ఇంకో లయ. తొమ్మిది పది వారాలకు ఒక కొత్త వెర్షన్. మొదటి రెండు వారాలు తలుపులు తెరిచి ఉంటాయి. కొత్త ఫీచర్లన్నీ అప్పుడే రావాలి. దాన్ని మెర్జ్ విండో అంటారు. రెండు వారాలు అవగానే తలుపు మూత. ఇక అక్కడి నుంచి ప్రతి ఆదివారం ఒక 'రిలీజ్ క్యాండిడేట్', అంటే పరీక్ష కోసం వదిలే కాపీ. ఏడో ఎనిమిదో అలాంటి కాపీలు అయ్యాక అసలు వెర్షన్. వేలమంది పనిచేసే ప్రాజెక్టులో ఇంత మామూలు రూలే కాపలా కాస్తోంది.

ఈ పద్ధతి ఎంత గట్టిదంటే, 2018లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కొన్ని వారాలు సెలవు తీసుకున్నారు. అప్పుడు 4.19 వెర్షన్ పనిని గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ చూసుకున్నారు. అక్టోబర్‌లో అది మామూలుగానే వచ్చేసింది. పుట్టించినవాడు పక్కకు తప్పుకున్నా బండి ఆగలేదు. క్యాలెండర్ ఉండటం అంటే ఇది.

ఫుట్‌బోర్డ్ సూత్రం

2023లో మా పాత మెయింటెయినర్ అలసిపోయి 'ఎవరైనా రిలీజ్ పని తీసుకోండి' అన్నాడు. నేను చెయ్యెత్తాను. క్యాలెండర్ ఎలా ఉండాలి అని ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చింది మా కాలేజీ రోజుల సిటీ బస్సు.

పది నిమిషాలకో బస్సు ఉన్న రూట్‌లో ఎవరూ ఫుట్‌బోర్డ్ మీద వేలాడరు. ఇది పోతే ఇంకోటి వస్తుంది అని తెలుసు. అదే రోజుకు ఒకటే బస్సు ఉన్న ఊరికి చూడండి. కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాళ్ళు, పిల్లల్ని కిటికీలోంచి లోపలికి అందించేవాళ్ళు, 'డ్రైవరన్నా, మా మామయ్య వస్తున్నాడు, ఒక్క నిమిషం' అని బస్సుకు అడ్డం నిలబడేవాళ్ళు. మనుషులు అవే మనుషులు. మారింది తర్వాతి బస్సు ఎప్పుడన్నది ఒక్కటే.

సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. తర్వాతి రిలీజ్ ఎప్పుడో తెలియనప్పుడే జనం సగం ఉడికిన ఫీచర్లను తోసేస్తారు. తర్వాతిది నాలుగు నెలల్లో ఖాయం అని తెలిస్తే 'సరేలే, వచ్చేసారి' అనగలుగుతారు. పైథాన్ భాష వాళ్ళు కూడా ఇలాంటి లెక్కే వేశారు. ఒకప్పుడు సుమారు 18 నెలలకో కొత్త వెర్షన్ వచ్చేది. 2020 అక్టోబర్‌లో వచ్చిన 3.9 నుంచి ఏడాదికోటి, ప్రతి అక్టోబర్‌లో. మే నెలలో మొదటి బీటా రాగానే కొత్త ఫీచర్లకు తలుపు మూసేస్తారు.

మేం ఏడాదికి మూడు రిలీజ్‌లు పెట్టుకున్నాం. ఫిబ్రవరి, జూన్, అక్టోబర్. ఎప్పుడూ మంగళవారమే. శుక్రవారం రిలీజ్ చేస్తే శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో ఐటీలో ఉన్న ఎవర్నడిగినా చెప్తారు. రిలీజ్‌కి సరిగ్గా రెండు వారాల ముందు ఫ్రీజ్. ఫ్రీజ్ తర్వాత బగ్ రిపేర్లు తప్ప కొత్తవేవీ లోపలికి రావు.

ఈ తేదీలు పెట్టడానికి నాకు నెల పట్టింది. టెక్నాలజీ వల్ల కాదు, పండగల వల్ల. జనవరి రెండో వారం పెడదామంటే సంక్రాంతికి నేనే ఊళ్ళో ఉంటాను. డిసెంబర్ చివర్లో జర్మనీ మనిషి దొరకడు. ఏప్రిల్, మే అంటే మన స్టూడెంట్లకు పరీక్షలు. ఇవన్నీ తీసేస్తే మిగిలినవే ఆ మూడు నెలలు. వాలంటీర్ల ప్రాజెక్టులో షెడ్యూల్ అంటే ముందు మనుషుల జీవితాల లెక్క, తర్వాతే కోడ్ లెక్క.

తేదీ, ఫీచర్లు, క్వాలిటీ. ఈ మూడింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మేం వదులుకుంటామని రాసుకున్నది ఫీచర్లను. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున 4:12కి అని లగ్నపత్రికలో వేశాక, బాబాయి రైలు లేటైందని ముహూర్తం జరపం కదా. బాబాయి వచ్చాక భోజనం పెడతాం. అంతే.

రాసుకోవడం సులువే. అసలు పరీక్ష 2025 ఫిబ్రవరిలో వచ్చింది.

లక్ష అంటే తెలియని టూల్

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. ఒకసారి సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన ఫైలొకటి మా టూల్‌లో వేసి చూపించాను. మొత్తం తప్పులే. కారణం కామాలు. మనం 12,34,567 అని రాస్తాం. అమెరికావాళ్ళు 1,234,567 అని రాస్తారు. మా టూల్‌కి రెండోదే తెలుసు. మొదటిది కనిపిస్తే 'ఇది అంకె కాదు, ఏదో మాట' అనుకుని వదిలేస్తుంది. నాన్న నవ్వి, "ఏందమ్మా, మీ సాఫ్ట్‌వేర్‌కి లక్ష అంటే తెల్వదా?" అన్నారు.

ఆ పని ఎవరైనా చేస్తే బాగుండని ప్రాజెక్టులో రాసిపెట్టాను. కొన్ని నెలల తర్వాత కోస్తా జిల్లాల్లో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్న ఒక అబ్బాయి దాన్ని పట్టుకున్నాడు. అతనికి అది మొదటి ఓపెన్ సోర్స్ పని. రాత్రి పన్నెండింటికి డౌట్లు అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ "సారీ అక్కా, లేట్ అయిందా" అనేవాడు.

మా 3.3 వెర్షన్ రిలీజ్ 2025 ఫిబ్రవరి 25, మంగళవారం. ఫ్రీజ్ ఫిబ్రవరి 11. అతని కోడ్ పూర్తయి వచ్చింది 13 రాత్రి. రెండే రోజులు.

"అక్కా, టెస్టులన్నీ పాస్ అయ్యాయి. రెండు రోజులే కదా లేటు. ఈ రిలీజ్‌లో పెట్టేయండి ప్లీజ్. రెజ్యూమెలో రాసుకోవాలి. సమ్మర్ ప్రోగ్రామ్‌కి అప్లై చేస్తున్నా, ఏప్రిల్ మొదట్లోనే లాస్ట్ డేట్."

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఇందాక చెప్పిన డెబియన్ గుర్తుందా? వాళ్ళ కొత్త వెర్షన్ 'ట్రిక్సీ' కోసం ఫ్రీజ్ మార్చి 15న మొదలవుతుందని, ఏప్రిల్ 15 నుంచి ఇంకా బిగుస్తుందని ప్రకటించారు. ఆ దశ దాటాక చిన్న చిన్న రిపేర్లు తప్ప కొత్త వెర్షన్లను తీసుకోవడం చాలా కష్టం. మా టూల్‌ని డెబియన్‌కి ప్యాకేజీ చేసే వాలంటీర్ ఒకరున్నారు. ఫిబ్రవరిలో మేం ఇచ్చింది ఏదైతే ఉందో అదే ట్రిక్సీలోకి వెళ్తుంది. ఆ తర్వాత కనీసం రెండేళ్ళు డెబియన్ వాడేవాళ్ళందరి దగ్గరా అదే ఉంటుంది. అంటే ఇది నాలుగు నెలల తర్వాత వచ్చే బస్సు విషయం కాదు. కొంతమంది యూజర్లకు రెండేళ్ళ తర్వాతి బస్సు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఫీచర్ నాకే కావాలి. మా నాన్నకి కావాలి. మన దేశంలో లెక్కలు రాసుకునే ప్రతి షాపుకీ కావాలి. గ్రూప్‌లో ఓటు పెడితే సగం మంది 'పెట్టేద్దాం' అన్నారు. జర్మనీ మనిషి ఒక్కడు మాత్రం 'నువ్వు ఎలా అంటే అలా' అని ఊరుకున్నాడు.

రెండు రోజుల్లో ఏముంది?

నిజమే, రెండు రోజుల్లో ఏముంది? ఆ రాత్రంతా నేను ఆలోచించింది ఇదే.

కొత్త బటన్ పెట్టడం వేరు. దానివల్ల ఇబ్బందైతే ఆ బటన్ నొక్కినవాళ్ళకే. కానీ ఈ కోడ్ అంకెల్ని చదివే చోట ఉంది. మా టూల్‌లోకి వచ్చే ప్రతి ఫైలూ ఆ దారిలోనే వెళ్ళాలి. అక్కడ తప్పు జరిగితే ఎర్రర్ రాదు. అంకె మారిపోతుంది, ఎవరికీ తెలియదు. ఎర్రర్ వస్తే మనిషి ఆగి చూస్తాడు. తప్పుడు అంకె వస్తే జీతాల లిస్టు వేసేస్తాడు.

ఫ్రీజ్ పెట్టింది అందుకే. ఆ రెండు వారాలు కోడ్ రాయడానికి కాదు, నాలుగు దేశాల్లో నలుగురు తమ సొంత ఫైళ్ళ మీద టూల్‌ని నడిపి చూడటానికి. రెండు రోజులు లేటైతే పరీక్షకు రెండు రోజులు తగ్గుతాయి, అంతే కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే పరీక్ష మొదలుపెట్టినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చూడాలి. పైగా ఇవాళ రెండు రోజులకు ఒప్పుకుంటే జూన్‌లో నాలుగు రోజులు అడిగేవాళ్ళకు ఏం చెప్పాలి? 'అతను నాకు తెలిసినవాడు, మా తెలుగువాడు' అనా? తేదీ ఒకరికోసం వంగితే మిగతా పదిమందికి అది తేదీ కాదు, సిఫార్సు అవుతుంది.

పైథాన్ లాంటి పెద్ద ప్రాజెక్టే 2024లో ఇలాంటి నిర్ణయం తీసుకుంది. 3.13 వెర్షన్ అక్టోబర్ 1న రావాలి. మెమరీని శుభ్రం చేసే పద్ధతిలో చేసిన ఒక పెద్ద మార్పు కొన్ని చోట్ల ప్రోగ్రామ్‌లను నెమ్మది చేస్తోందని చివర్లో తేలింది. రిలీజ్‌కి రోజుల ముందు ఆ మార్పును మొత్తంగా వెనక్కి తీసేశారు. తీసేశాక మళ్ళీ పరీక్షించాలి కాబట్టి ఇంకో క్యాండిడేట్ వదిలి, అక్టోబర్ 7న ఫైనల్ ఇచ్చారు. గమనించండి. ఫీచర్ ఎక్కించడానికి తేదీ జరపలేదు. దింపడానికి జరిపారు.

పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. మెసేజ్‌లో చెప్పే విషయం కాదనిపించింది.

"తమ్ముడూ, నీ కోడ్ బాగుంది. కానీ 3.3లో వెళ్ళదు. ఇవాళే మెయిన్ బ్రాంచ్‌లోకి తీసుకుంటాను. నీ పేరు చరిత్రలో ఉంటుంది, లింక్ ఉంటుంది, రెజ్యూమెలో పెట్టుకో. రిలీజ్ మాత్రం జూన్‌లో."

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఓకే అక్కా" అన్నాడు. ఆ 'ఓకే' ఎలాంటిదో మీకు తెలుసు. ఆ తర్వాత పది రోజులు గ్రూప్‌లో కనిపించలేదు. వాలంటీర్‌కి 'కాదు' అని చెప్తే అతను మళ్ళీ రాకపోవచ్చు. రిలీజ్ మేనేజర్‌కి అన్నిటికంటే భయం ఇదే. కోడ్ పోతే మళ్ళీ రాసుకోవచ్చు, మనిషి పోతే రాడు.

ఫిబ్రవరి 25న 3.3 వదిలాం. మర్నాడు మహాశివరాత్రి, ఆఫీస్ సెలవు. ఊరంతా శివుడి కోసం జాగారం చేస్తుంటే నేను బగ్ రిపోర్టుల కోసం చేశాను. రిలీజ్ అంటే వదిలిన బాణం లాంటిది. పైథాన్ ప్యాకేజీలు పెట్టే పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలుని తీసేసినా, అదే పేరుతో మళ్ళీ ఎక్కించనివ్వదు. ఏదైనా తేడా వస్తే 3.3.1 అని ఇంకో నంబర్‌తో రావాల్సిందే. ఆ రాత్రి రెండు చిన్న రిపోర్టులు తప్ప ఏం రాలేదు.

1,25

మార్చి రెండో వారంలో జర్మనీ మనిషి నుంచి ఒక మెసేజ్. మెయిన్ బ్రాంచ్‌ని తన సొంత ఫైళ్ళ మీద నడిపి చూశాడట. ఒక కిరాణా బిల్లులో బ్రెడ్ ధర 125 యూరోలు చూపిస్తోంది!

జర్మనీలో పాయింట్ బదులు కామా రాస్తారు. 1,25 అంటే ఒకటిన్నరకి కాస్త తక్కువ, ఒకటీ పాతిక. మన అబ్బాయి కోడ్ రెండేసి అంకెల గుంపులు చూడగానే 'ఇది ఇండియన్ లెక్క' అనుకుని కామా తీసేసింది. లక్షల పద్ధతిలో చివరి గుంపు ఎప్పుడూ మూడంకెలే ఉండాలి కదా, ఆ సంగతి చూసే షరతు కోడ్‌లో లేదు. టెస్టులన్నీ ఎందుకు పాస్ అయ్యాయి? రాసినవన్నీ మన అంకెలే కాబట్టి.

అది సరిచేశాక కూడా ఇంకో చిక్కు మిగిలింది. 1,000 అంటే మనకు వెయ్యి. జర్మనీలో అదే ఒకటి పాయింట్ సున్నా సున్నా సున్నా. అంకెని చూసి ఎవరిదో చెప్పడం ఏ కోడ్‌కీ కుదరదు. కాబట్టి టూల్ ఊహించకూడదు, వాడే మనిషినే అడగాలి. ఈ సంగతి ఆ అబ్బాయే పట్టుకున్నాడు. మెసేజ్ చూసి గంటలో వచ్చేశాడు. 'ఏ దేశం పద్ధతి' అని యూజర్ ముందే చెప్పే ఆప్షన్ పెడదామన్నాడు. జూన్ 24న వచ్చిన 3.4లో అది అలాగే వెళ్ళింది. ఇప్పుడు మా టూల్‌కి లక్ష తెలుసు, కోటి తెలుసు. ఒకటీ పాతిక కూడా తెలుసు.

ఇక్కడ 'చూశారా, నేనే కరెక్ట్' అని చెప్పాలనిపిస్తుంది. కానీ అది పూర్తి నిజం కాదు. ట్రిక్సీ 2025 ఆగస్టు 9న వచ్చింది. అందులో ఉన్నది మా 3.3. అంటే డెబియన్ నుంచి నేరుగా మా టూల్ తీసుకునేవాళ్ళకు ఇంకా లక్షల కామాలు అర్థం కావు. మన దేశంలోనే అలాంటివాళ్ళు ఉంటారు. నా నిర్ణయం వల్ల వాళ్ళకు నష్టం నిజంగానే జరిగింది. ఆ అబ్బాయికి కూడా సమ్మర్ ప్రోగ్రామ్ రాలేదు. రిలీజ్‌లో ఉంటే వచ్చేదా? చెప్పలేం. షెడ్యూల్ అన్నది ఖర్చు లేకుండా చేయదు. ఖర్చు ఎవరి మీద, ఎంత పడుతుందో ముందే తెలిసేలా చేస్తుంది.

తొందర పెట్టేవాళ్ళతో జాగ్రత్త

ఫ్రీజ్ అంటే విసుక్కునే కుర్రాళ్ళకు నేను చెప్పే కథ ఒకటుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఒక విషయం బయటపెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోంది ఎందుకని తవ్వితే, 'ఎక్స్‌జెడ్' అనే ఫైళ్ళు కుదించే టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. దాన్ని ఒకే ఒక మనిషి ఏళ్ళ తరబడి ఖాళీ టైంలో నడుపుతున్నారు. 'రిలీజ్‌లు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి అప్పగించు' అని కొన్ని అకౌంట్లు ఆయన్ని సతాయించాయి. చివరికి సాయం చేస్తానని వచ్చి నమ్మకం సంపాదించిన అకౌంటే ఆ దొంగదారి పెట్టింది. కొత్త వెర్షన్‌ని తొందరగా తీసుకోమని డిస్ట్రిబ్యూషన్లను కూడా అడిగింది.

అది డెబియన్‌లో పరీక్ష దశ కాపీల దాకా వచ్చింది కానీ, స్టేబుల్ వెర్షన్‌లోకి చేరలేదు. నెలల తరబడి ఆగి, చూసి, అప్పుడు కదిలే ఆ 'స్లో' పద్ధతి కాపాడింది. ఉబుంటు వాళ్ళు 24.04 బీటాని ఏప్రిల్ 4 నుంచి 11కి జరిపి ప్యాకేజీలన్నిటినీ మళ్ళీ బిల్డ్ చేశారు. ఫైనల్ మాత్రం చెప్పిన టైంకే, ఏప్రిల్ 25న వచ్చింది.

ఈ కథలో నన్ను ఎక్కువ కదిలించింది హ్యాకింగ్ కాదు. ఆ ఒంటరి మనిషి. ఆయనకు క్యాలెండర్ లేదు, పక్కన ఇంకో మనిషి లేడు. 'ఎప్పుడు, ఎప్పుడు' అని అడిగేవాళ్ళే ఉన్నారు. తేదీ రాసిపెట్టి ఉంటే 'నన్నడక్కండి, అది చూడండి' అని చెప్పొచ్చు. షెడ్యూల్ యూజర్ల కోసం అనుకుంటాం గానీ, అది ముందు మెయింటెయినర్‌కి గొడుగు.

మీరూ దిగాలనుకుంటే

ఓపెన్ సోర్స్‌లో అడుగుపెట్టాలనుకునే స్టూడెంట్లు ఎక్కువగా అడిగేది 'ఏ ప్రాజెక్ట్ మంచిది' అని. నేనైతే ముందు దాని రిలీజ్ క్యాలెండర్ చూడమంటాను. తేదీలు రాసి ఉన్నాయా? చెప్పిన తేదీకి వస్తున్నాయా? ఫ్రీజ్ ఎప్పుడు? ఫ్రీజ్ ముందు రోజు పెద్ద కోడ్ పంపకండి. అందరూ బిజీగా ఉంటారు, మీ శ్రమ గాలికి పోతుంది. రిలీజ్ అయిన మర్నాడు పంపండి, రెండు చేతులతో తీసుకుంటారు. ఫ్రీజ్ సమయంలో చేయాలనుకుంటే పరీక్షించండి. కోడ్ రాని మనిషి కూడా తన ఫైలుని నడిపి చూసి 'బ్రెడ్ 125 యూరోలా?' అని అడగొచ్చు. మా ప్రాజెక్టులో గత ఏడాది అత్యంత విలువైన సాయం అదే.

అనువాదాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు కూడా ఇందులో చోటుంది. గ్నోమ్ లాంటి ప్రాజెక్టుల్లో ఏటా మార్చిలో, సెప్టెంబర్‌లో కొత్త వెర్షన్ వస్తుంది. దానికి ముందు 'స్ట్రింగ్ ఫ్రీజ్' ఉంటుంది. అంటే స్క్రీన్ మీద కనిపించే ఇంగ్లిష్ మాటలు ఇక మార్చరు. తెలుగులోకి మార్చేవాళ్ళకు అప్పుడే ఊపిరి దొరుకుతుంది. ఆ ఫ్రీజ్‌ని ఎవరైనా దాటితే మెనూలో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కనిపిస్తుంది.

ఇక నా సంగతి. పైథాన్‌లో ఒక రిలీజ్ మేనేజర్ రెండు వెర్షన్లు చూసి, తర్వాతి వాళ్ళకు అప్పగిస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. 2025 అక్టోబర్ రిలీజ్ తర్వాత నేనూ పని అప్పగించేశాను, బ్రెజిల్ అమ్మాయికి. లాగిన్లు, చెక్‌లిస్ట్, 'శుక్రవారం వద్దు' అన్న రూలు అన్నీ ఇచ్చేశాను. క్యాలెండర్ మాత్రం 'ఇక నీ ఇష్టం' అన్నాను.

2026 తేదీలు వేసి పంపింది. ఫిబ్రవరి రిలీజ్‌ని మార్చి 3కి జరిపింది. కారణం దగ్గర ఒకే మాట రాసింది, 'కార్నివాల్' అని. సంక్రాంతికి చోటున్న క్యాలెండర్‌లో కార్నివాల్‌కీ ఉండాలి కదా. వెంటనే ఓకే కొట్టేశాను.